గాజుకప్పు కింద ఎదురంగడి మామ

పోయిన సోమవారం పొద్దున అంగడి చెక్కలు తీసి దీపం పెట్టుకుంటున్నాను. ఎదురంగడి మామ కొడుకు వచ్చి మా అంగడి ముందు రాతికట్టమీద కూర్చున్నాడు. వాళ్ళ అంగడి ఇంకా తెరవలేదు. "అక్కా, ఒక మంచి తెల్లపంచ కావల్ల" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. "మీ నాయన అంగట్లో పంచలు అటకదాకా పేర్చి ఉండాయి గదప్పా! నాకు బోణీ చేసి పుణ్యం కట్టుకుందామనా?" అన్నాను. అతను నవ్వలేదు. పోయినవాళ్ళకు కప్పే బట్ట సొంత అంగడిలోంచి తీయకూడదని, ఇంకొకరి దగ్గర కొనాలని మా పేటలో ఒక వాడుక ఉంది. అది గుర్తొచ్చి నా నోరు పడిపోయింది.

"తెల్లారుజామున పోయినాడక్కా. కాఫీ తెమ్మన్నాడు, తెచ్చేలోపల కండ్లు మూసుకున్నాడు. పంచ నీ దగ్గరే తెమ్మని అమ్మ చెప్పింది" అన్నాడు.

ఉన్నవాటిలో మేలైనది తీసి ఇచ్చాను. ఇన్నేళ్ళలో ఆ ఇంటివాళ్ళు మా అంగడిలో కొన్న మొదటి బట్ట అదే. ఆ సంగతి తెలిస్తే మామ ఊరుకుంటారా? "చూస్తివా అమ్మణ్ణీ, పోతా పోతా నీకు ఒక బేరం చేసిస్తిని" అని ఉండేవారు. ఆ మాట ఆయన గొంతుతోనే నా చెవిలో వినబడింది. ఏడుస్తూ ఏడుస్తూనే నవ్వేశాను. చూసినవాళ్ళు ఏమనుకున్నారో నాకు తెలియదు.

ఇది చదివేవాళ్ళలో చాలామంది ఆయన్ను చూసే ఉంటారు. చిక్కపేటలో మా అంగళ్ళ మీది గాజుకప్పు కింద పెళ్ళిచీర కొన్న ఇల్లాలైతే తప్పకుండా చూసి ఉంటుంది. లావుపాటి మనిషి, జరీ తలపాగా, చెవులకు రాళ్ళ పోగులు, ఒళ్ళో నశ్యం డబ్బీ. కూర్చున్న చోటినుంచి కదలకుండా అంగడంతా చేతికందేటట్టు సర్దుకున్న మహానుభావుడు. పేరు రాయను. పేరు చెబితే పేటలో ఎవరికీ తెలియదు. నాకు ఆయన ఎదురంగడి మామ, ఆయనకు నేను ఎదురంగడి అమ్మణ్ణి. మా మధ్య చుట్టరికం రవ్వంత లేదు. ఉన్నదల్లా రెండంగళ్ళ నడుమ బండలు పరిచిన దారి ఒక్కటే.

నేను అంగట్లో కూర్చోవడానికి కారణం మా ఆయన. ఆయన సరుకు తేవడానికి పుట్టిన మనిషి, అమ్మడానికి కాదు. దొడ్డబళ్ళాపురంలో మగ్గాల పక్కన కూర్చోబెడితే పూటంతా కబుర్లు చెబుతాడు. గిరాకీ ఎదురుగా కూర్చుంటే మాత్రం నోట్లో నాలుక ఉండదు. మా ఆయన తండ్రి పోయాక అంగడి మూతపడే దశకు వస్తే, చీరకుచ్చెళ్ళు బిగించి నేనే వచ్చి కూర్చున్నాను. ఆడది అంగట్లో కూర్చోవడమా అని పేటంతా ముక్కున వేలేసుకుంది. ఎదురంగడి మామ మొదటిరోజే ఆయాసపడుతూ కట్ట దిగి మా దగ్గరికి వచ్చారు.

"ఆడోళ్ళకు మగోళ్ళు చీరలమ్మేదే వింత. నువ్వు సుమ్నే, నిమ్మళంగా కూసో, ఎవురేమన్నా పట్టించుకోవద్దు. ఒక్కటి మాత్రం తెలుసుకో అమ్మణ్ణీ. నా కట్టమీద కూసున్న గిరాకీని నువ్వు పిలవగూడదు, నీ కట్టమీద కూసున్నోళ్ళను నేను పిలవను. కూసున్నంతసేపు గిరాకీ దేవుడు. లేచినాక ఎవురి నోరు వాళ్ళది."

గాజుకప్పు కింద అదే కట్టుబాటు. మామ దాన్ని ఎన్నడూ మీరలేదు. కాకపోతే మా కట్టమీద నాలుగు చేతులు చీరలు తిరగేస్తుంటే ఆయనకు ఎక్కడలేని దగ్గు వచ్చేది. దగ్గు చాలకపోతే నశ్యం పీల్చి తుమ్మేవారు. ఆ తుమ్ముకు పై వసారాలో దర్జీల కుట్టుమిషన్లు ఒక్క క్షణం ఆగేవి. వచ్చిన ఆడవాళ్ళు ఉలిక్కిపడి అటు తిరిగేసరికి ఆయన ఒళ్ళో ఒక కొత్త చీర కొంగు విప్పి ఉండేది. "ఇదేం ధర్మం మామా?" అని దెబ్బలాడితే, "తుమ్మేదానికి కట్టుబాటు లేదమ్మణ్ణీ, నీకూ ముక్కుండాది గదా" అనేవారు. నేను మాత్రం తక్కువ తిన్నానా? ఆయన బేరం ముదిరే సమయానికి ముంజేతి గాజులన్నీ గలగలమనేటట్టు చీరలు మడతపెట్టేదాన్ని.

గాజుకప్పు చరిత్ర ఆయన నోట వినాలి. కట్టించింది ఇప్పటి యజమాని తాత. ఆ తాత దొడ్డబళ్ళాపురంలో మగ్గం గుంటలోంచి లేచి వచ్చి, పట్టు వ్యాపారంలో నాలుగు రాళ్ళు వెనకేసి, చిక్కపేటలో స్థలం కొన్నాడు. అప్పట్లో చీరలు వీధి అరుగుల మీద పరిచి అమ్మేవారట. ఒక శ్రావణమాసం, వరలక్ష్మీ వ్రతం ముందురోజు, జనం కిటకిటలాడుతుండగా ఉన్నట్టుండి వాన దంచికొట్టింది. చీరలన్నీ తడిసి, ఒకదాని రంగు ఒకదానికి అంటుకుని, అరుగు మీదినుంచి ఎర్రనీళ్ళు, పచ్చనీళ్ళు కాలవలో పారాయట. తాత ఆ వానలోనే నిలబడి, వాన పడకూడదు, వెలుగు పోకూడదు, అట్లాంటి అంగళ్ళు కడతానని ఒట్టు పెట్టుకున్నాడు. ఇక్కడిదాకా కథ ఎప్పుడూ మారదు.

ఆ తర్వాత ఆయన ఇష్టం. ఇనుప స్తంభాలు సీమనుంచి ఓడలో మద్రాసుకు దిగాయని ఒక రోజు. ఎవరో రైలుస్టేషనుకు తెప్పించుకుంటే కొలత కుదరక మిగిలిపోయినవని ఇంకో రోజు. ఘాటుదారి ఎక్కలేక ఎద్దులు కూలబడితే దారిపొడుగునా పల్లెలవాళ్ళు పలుపులు కట్టి లాగి తెచ్చారని మరో రోజు. ఒకసారి ఆ పల్లెలవాళ్ళకు కూలి బదులు తలా ఒక రుమాలు పెట్టారని, ఆ రుమాళ్ళ రంగు కూడా చెప్పారు. "ఇందులో ఏది నిజం మామా?" అని నేను నిలదీస్తే, "నీకు యాది నచ్చితే అది తీస్కో. ఏదైనా రంగు పోదు" అన్నారు.

కథ ఎట్లా ఉన్నా కట్టడం మాత్రం నిజం. వీధిలో కూలీల కేకలు, తోపుడుబండ్ల రొద దాటి రాతి కమాను కిందికి అడుగుపెడితే ఒళ్ళు చల్లబడుతుంది. అటూ ఇటూ ఎదురెదురుగా అంగళ్ళు, వాటి ముందు మోకాలెత్తు రాతికట్టలు. కట్టల అంచున సన్నని ఇనుప స్తంభాలు, వాటి తలల మీద ఆకులు, తీగెలు పోతపోసి ఉంటాయి. స్తంభాల మీద చెక్క కటకటాల వసారా, అందులో దర్జీలు. ఆ పైన రెండుపక్కల నుంచీ మంగళూరు పెంకులు ఏటవాలుగా ఎక్కి, నడినెత్తిన కలుసుకోవలసిన చోట కలుసుకోకుండా ఆగిపోతాయి. ఆ సందంతా, తూర్పు కమాను నుంచి పడమటి కమానుదాకా, గాజు పలకలు. గాజుకు దిగువన చెక్కరెక్కల కిటికీలు ఉన్నాయి. లోపలి వేడి వాటిలోంచి బయటికి పోతుంది, వాన మాత్రం లోపలికి రాదు. నేల కూడా చదునుగా ఉండదు, రెండు కట్టల దగ్గరనుంచి నడిదారికి కాస్త వాలుగా ఉంటుంది. కడిగిన నీళ్ళు పోవడానికి అంటే మామ ఒప్పుకునేవారు కాదు. "నీళ్ళు పోయేదానికి గాదు. వచ్చిన గిరాకీ బేగ బయటపడకుండా నడిమధ్యకు జారేదానికి. ఆ తాత శానా తెలివిమంతుడు" అనేవారు.

ఆ గాజులోంచి దిగే వెలుగు ఎండ కాదు, నీడా కాదు. కళ్ళలో పొడవదు, బట్టలో లేని మెరుపు తెచ్చిపెట్టదు. అందుకే మా దగ్గర బేరం కట్టమీద కుదిరినా తీర్పు నడిదారిలోనే. అమ్మేవాళ్ళు ఒక కొంగు, కొనేవాళ్ళు ఒక కొంగు పట్టుకుని కిందికి దిగి, గాజు కింద చీర విప్పి చూసుకోవాలి. దీన్ని మేము వెలుగు చూపడం అంటాం. వెలుగు చూపిన చీరను కొన్నవాళ్ళు తిరిగి తేకూడదు. తేరు కూడా.

వెలుగు చూపడంలో మామకు మామే సాటి. కొనేవాళ్ళు "ఎరుపు" అంటే ఆయనకు ఒళ్ళు మండేది. "ఎరుపంటే ఏ ఎరుపు తల్లీ? మిరపపండా, దానిమ్మ గింజా, కుంకుమా?" అని అడిగేవారు. వంకాయ, నేరేడు, ఉల్లిపొర, మామిడిచిగురు, పాలపిట్ట రెక్క, ఇలా ఆయన దగ్గర పేర్లు తరిగేవి కావు. ఎటూ కాని మసకరంగు చీర ఎవరైనా ముచ్చటపడి తీస్తే మెల్లగా వంగి, "ఇది అలిగిన అత్తగారి మొగం. ఇంట్లో ఒకటి ఉంటే చాల్దా?" అని, దాన్ని ఆయనే మడిచి లోపల పెట్టేవారు. బేరం పోయినా సరే, తప్పు రంగు తన అంగడి దాటకూడదు. అదీ ఆయన పట్టింపు.

అట్లాంటి గాజుకప్పుకు యుద్ధం వచ్చి పడింది. విమానాలు వచ్చి బాంబులు వేస్తాయని, పైకి దీపం కనబడకూడదని హుకుం వచ్చింది. యజమాని మనుషులు కప్పెక్కి గాజు పలకలన్నిటికీ దట్టంగా నల్లరంగు పూశారు. పూస్తుంటే నడిదారిలో నిలబడి మేమంతా తలలు ఎత్తి చూశాం. ఒక్కొక్క పలకా ఆరిపోతూ వచ్చింది. అందరి మొహాలూ చిన్నబోయాయి. మామ మాత్రం, "ఏం లేదప్పా, మన చీరల రంగులు జపానోడికి తెలీగూడదని" అని అందరినీ నవ్వించారు.

కొన్నాళ్ళు నవ్వుకున్నాం. తర్వాత పట్టపగలే బల్బులు వేసుకుని కూర్చోవలసి వచ్చింది. బల్బు కింద గులాబీ కాషాయంలాగా ఉండేది. నీలానికీ పచ్చకూ తేడా తెలిసేది కాదు. వెలుగు చూపడానికి వీధిలోకి పోదామంటే దుమ్ము, తోపులాట. అయినా యుద్ధం రోజుల్లో సర్కారు ఇచ్చే కంట్రోలు ముతకబట్ట తప్ప సరుకెక్కడిది? దాన్ని ఏ వెలుగులో చూసినా ఒకటే. ఆ చీకటిలోనే ఎట్లాగో నెట్టుకొచ్చాం.

యుద్ధం అయిపోయింది. కమాను దగ్గర మిఠాయిలు పంచారు. పట్టుచీరలు మళ్ళీ వచ్చాయి. కప్పు మీద నలుపు మాత్రం పోలేదు. యజమానిని అడిగితే, రుద్దితే గాజు పగులుతుంది, పగిలితే ఇప్పుడు సీమగాజు దొరకదు అనేవాడు. అసలు సంగతి వేరు. ఎవరో పెద్ద వ్యాపారి గాజుకప్పు మొత్తం గోడౌనుకు అడుగుతున్నాడు. గోడౌనుకు వెలుగెందుకు? చీకట్లో గిరాకీ తగ్గి, మా అంతట మేమే ఒకరొకరుగా ఖాళీ చేసి పోతే యజమానికి నోటితో పొమ్మని చెప్పే పని కూడా తప్పుతుంది. నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు. మా ఆయనతో అంటే, "దొడ్డబళ్ళాపురం పోదాం, అక్కడ గాలి బాగుంటుంది" అన్నాడు. ఆ మనిషితో ఏం మాట్లాడతాం?

అట్లా ఉండగా యజమాని కూతురికి పెళ్ళి కుదిరింది. తాంబూలాలనాడు పిల్లకు కట్టడానికి ముదురాకు పచ్చ పట్టుచీర కావాలని యజమానమ్మ స్వయంగా వచ్చి మామ కట్టమీద కూర్చుంది. నేను కట్టుబాటు ప్రకారం నోరు మూసుకుని, గాజులు కూడా కదలకుండా చూసుకున్నాను. యజమాని ఇంటి బేరం, మామకు మంచి జరిగితే మా అందరికీ మంచి జరుగుతుందని ఆశ. మామ బల్బు కింద చీరలు తిరగేసి తిరగేసి ఒకటి తీశారు. కొంగు చేత్తో నిమిరి, "తమలపాకు ముదిరితే ఇదే రంగు తల్లీ" అన్నారు. ఆమె కళ్ళకద్దుకుని తీసుకుపోయింది.

తాంబూలాలనాడు వాకిట్లో చాప పరిచి, అప్పటిదాకా మడత విప్పని చీరను అందరి ముందూ విప్పితే అది పచ్చ కాదు. కారునీలం. దూరంనుంచి చూస్తే నలుపే. శుభమా అని నల్లచీరా అని పెళ్ళికొడుకు మేనత్త లేచి నిలబడిందట. మరో చీర కట్టించి ఎట్లాగో గండం గట్టెక్కించారుగానీ, యజమాని ఇంట్లో నిప్పులు కురిశాయి.

మర్నాడు కబురు వచ్చింది. "నువ్వూ రా అమ్మణ్ణీ. ఆడమనిషి ఉంటే స్వల్ప తక్కువ తిడతాడు" అని మామ నన్ను కూడా జట్కాలో వెంటబెట్టుకుపోయారు. ఆ ఊహ తప్పయింది. యజమాని మమ్మల్ని కూర్చోమనకుండానే మొదలుపెట్టాడు. మా తాత కట్టిన అంగట్లో కూర్చుని, నా ఉప్పు తిని, నా కూతురికే నల్లచీర అంటగడతావా అన్నాడు. అన్నంతసేపూ మామ తలవంచుకుని విన్నారు. తర్వాత తల ఎత్తి నెమ్మదిగా అన్నారు.

"తప్పే సామీ. కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటా. చీర నాదే, కాదన్ను. చీకటి మాత్రం మీది."

యజమాని మొహం ఎర్రబడింది. "ఆడలేక మద్దెల ఓడన్నాడంట! కండ్లు కనబడకపోతే ఇంట్లో కూసోవల్ల గానీ, తప్పు కప్పు మీద పెడతావా? నీ వయసెంత? నీ చూపెంత?" అని అరిచాడు.

అంతటి మాటకారి మామ, తుమ్ముతో బేరాలు లాగే మనిషి, మళ్ళీ తల దించుకున్నారు. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

అప్పుడు లోపలినుంచి యజమానమ్మ వచ్చింది. వంటింటి తలుపు వెనక నిలబడి అంతా విన్నట్టుంది. చేతిలో గరిటె కూడా ఉంది. "అరిస్తే ఏం తేలతాది? కప్పు కడిగించండి. తప్పు ఈయన కండ్లదైతే ఈయనే అంగడి మూసి తాళంచెవి మీ చేతిలో పెడతాడు. తప్పు కప్పుదైతే మీరు ఇంగ గోడౌను మాట ఎత్తగూడదు. మా అమ్మ నా పెండ్లి చీరలన్నీ ఆ వెలుగులోనే చూసి కొనింది. నా బిడ్డ చీరలు నేను గోడౌన్లో కొనాల్నా? కడిగేదాకా పెండ్లికి ఒక్క నూలుపోగు కొనేది లేదు" అన్నది. యజమాని ఏదో అనబోయాడు. ఆమె గరిటె వైపు చూసి ఊరుకున్నాడు.

"ఒప్పుకుంటిని తల్లీ" అన్నారు మామ.

తిరుగు జట్కాలో నాకు కాళ్ళు నేలమీద నిలవడంలేదు. "గెలిచాం మామా! మీరు తాళంచెవి మాట ఎందుకు ఒప్పుకున్నారు? అయినా కప్పు కడిగితే అన్నీ వాటంతట అవే తేలతాయి" అని వాగుతున్నాను. సందు మలుపు తిరిగాక ఆయన తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"తేలతాయనే నా భయం అమ్మణ్ణీ. ఆ చీర తీసినప్పుడు బల్బు ఉండాది, నా చెయ్యి ఉండాది, నా కండ్లు ఉండాయి. మూడిట్లో యాది మోసం చేసిందో నాకు తెలీదు. కప్పు కడిగినాక గూడా నాకు పచ్చ నీలమైతే? నేనేం మనిషిని ఇంగ?"

"ఇప్పుడే తేల్చుకోండి. జట్కా దిగి ఎండలో ఒక చీర చూడండి" అన్నాను.

"వీధి ఎండలో చీర చూసేవాడు బేరగాడు గాదు" అని మొహం అటు తిప్పుకున్నారు. పట్టింపులాగా ఆయన అన్నారు గానీ, అది భయమని నాకు తెలిసిపోయింది. ఆయన కొడుకు కంటి ఆసుపత్రికి పోదామంటే కూడా ఇదే తీరు. నేను మళ్ళీ ఒత్తిడి చేయలేదు.

ఆ రోజునుంచి మామ రంగుచీర ముట్టలేదు. అంగట్లో తెల్లపంచలు, తెల్ల ఉత్తరీయాలు పెట్టుకుని కూర్చున్నారు. చీరలకు వచ్చినవాళ్ళను "ఎదురంగడికి పోండి తల్లీ, ఆయమ్మ కండ్లు పదునుగా ఉండాయి" అని మా కట్ట చూపించేవారు. కూర్చున్న గిరాకీని లేపి మరీ పంపించేవారు! మా అంగట్లో బేరాలు ముమ్మరంగా జరిగాయి. మా ఆయన పొంగిపోయి ఇంకా సరుకు తెచ్చాడు. నాకు మాత్రం అన్నం సయించేది కాదు. ఎదుటినుంచి దగ్గు లేదు, తుమ్ము లేదు. ఒకరోజు ఉండబట్టలేక, "మామా, ఒక్క తుమ్ము తుమ్మండి, బేరాలు చప్పగా ఉన్నాయి" అని అడిగేశాను. ఆయన నవ్వి, నశ్యం డబ్బీ మూత కూడా తీయలేదు.

కప్పు కడిగే పనికి కిరసనాయిలు కావలసి వచ్చింది. అప్పుడు కిరసనాయిలు రేషను. అంగళ్ళవాళ్ళందరం ఇళ్ళలో వంతు వచ్చిన దాంట్లోంచి కొంచెం కొంచెం పట్టుకొచ్చాం. దర్జీలు పాత గుడ్డపీలికలు ఇచ్చారు. పెంకులు నేసేవాళ్ళు పైకెక్కి, కిరసనాయిల్లో ముంచిన పీలికలతో పలక పలకా నానబెట్టి మెల్లమెల్లగా రుద్దారు. నల్లటి నీళ్ళు చెక్కరెక్కల సందుల్లోంచి కారి నడిదారిలో చుక్కలు చుక్కలుగా పడేవి. అంగళ్ళకు గోనెపట్టాలు కట్టి లోపల కూర్చున్నాం. వాసనకు తలనొప్పి. కొన్ని పలకలు పగిలాయి, అక్కడ పెంకులే కప్పేశారు. పని జరిగినంతకాలం మామ కట్టమీద కూర్చుని నేలవైపే చూసేవారు. ఒక్కసారి కూడా తల ఎత్తలేదు.

పని పూర్తయిన రోజు పొద్దున్నే యజమాని, యజమానమ్మ వచ్చారు. గోనెపట్టాలు విప్పేశాం. పడమటి కమాను దాకా వెలుగు నిండుగా పరుచుకుని ఉంది. ఇనుప స్తంభాల మీది తీగెలు, ఆకులు మళ్ళీ విడివిడిగా కనబడుతున్నాయి. అందరూ కేకలు పెడుతున్నారు, దర్జీలు పైనుంచి చప్పట్లు కొడుతున్నారు. మామ మాత్రం కట్ట దిగలేదు. యజమానమ్మ సంచిలోంచి ఒక పాత చీర తీసి నడిదారిలో నిలబడింది.

"రాండి. ఇదేం రంగో చెప్పండి" అన్నది.

కేకలన్నీ ఆగిపోయాయి. మామ కట్ట దిగారు. నేను గబగబా దిగి వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డాను, ఎందుకో నాకే తెలియదు. చెవిలో చెప్పేద్దామని ఉంది. చీర రంగు నాకు స్పష్టంగా కనబడుతోంది. ఆయన నావైపు చూసి, "సుమ్నే ఉండు" అన్నారు. కొంగు రెండు చేతులా పట్టుకుని వెలుగులోకి ఎత్తారు. చూస్తూనే ఉన్నారు.

"నీలం గాదు, పచ్చా గాదు" అన్నారు చివరికి. "పాలపిట్ట రెక్క. తల్లీ, ఇది మీ అమ్మగారిది. నేనే ఇచ్చినా. ఆయమ్మ నేరేడు అడిగితే నేనే వద్దని ఇది కట్టబెట్టినా."

యజమానమ్మ పకపకా నవ్వింది. "హౌదు, నిజమే! మా అమ్మ కడదాకా చెప్పుకొనేది, నేరేడు ఇయ్యలేదని!" అని మొగుడి వైపు తిరిగి చూసింది. యజమాని గొంతు సవరించుకుని, అయితే కూతురి చీరలు ఇక్కడే చూద్దాం అన్నాడు. గోడౌను మాట ఆ రోజుతో సరి.

వాళ్ళు చీరలు తీసుకుని వెళ్ళిపోయాక కూడా మామ నడిదారిలోంచి కదల్లేదు. తన అంగట్లోవన్నీ తెప్పించుకుని ఒక్కొక్కటే వెలుగులో చూసుకున్నారు. అవి అయిపోయాయి. ఇంకా తనివి తీరలేదు. మా అంగడి వైపు తిరిగి, "అమ్మణ్ణీ, నీ సరుకు తీ!" అని గట్టిగా అరిచారు.

నేను ఒక చీర తెచ్చి విప్పాను. "ఇది ఎరుపా? ఇటుకపొడి!" అన్నారు. ఇంకొకటి తెచ్చాను. "పసుపంటావా దీన్ని? కామెర్లు!" మూలనున్న నా ముద్దుల ఊదారంగు చీర తెచ్చి కొంగు పరిచాను. "మొన్నటి వంకాయ కూర!" అన్నారు. జనం పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. మా ఆయన నోరు తెరుచుకుని చూస్తున్నాడు, సరుకంతా తాను ఏరి తెచ్చిందే మరి. మామ తలపాగా జారిపోయింది, పంచ మీద నల్ల చుక్కలు, కళ్ళవెంట నీళ్ళు ధారలు కడుతున్నాయి, నోరు మాత్రం ఆగడంలేదు. మా అంగట్లో ఒక్క చీరకైనా ఆయన మంచిమాట అనలేదు. నేను ఏడుస్తూ, నవ్వుతూ, అలమరలు ఖాళీ అయ్యేదాకా ఒక్కొక్కటే తెచ్చి ఆయన ముందు విప్పుతూనే ఉన్నాను.